పర్వతాలపై పరిశోధన: నీరు, రాయి, ప్రాణి గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నది గురించి అడిగినా, భూకంపం గురించి అడిగినా, మారుతున్న వాతావరణం గురించి అడిగినా, జవాబు వెతుక్కుంటూ పోతే చివరికి ఏదో ఒక కొండ దగ్గర తేలుతాం. పర్వత పరిశోధన గురించి విద్యార్థులు, ఉపాధ్యాయులు, కొండలంటే ఇష్టపడేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు ఇక్కడ ఉన్నాయి. కొన్నింటికి రెండు మాటల్లో జవాబు సరిపోతుంది. కొన్నింటికి కథ మొదటినుంచీ చెప్పాలి.

పర్వతాలకు ప్రత్యేకంగా పరిశోధన ఎందుకు? మైదానంలో నేర్చుకున్న శాస్త్రం చాలదా?

చాలదు. కారణం ఎత్తు. సగటున కిలోమీటరు ఎక్కితే ఉష్ణోగ్రత 6.5 డిగ్రీల సెల్సియస్ తగ్గుతుంది. నేల మీద అంత తేడా చూడాలంటే ధ్రువం దిక్కుగా వెయ్యి కిలోమీటర్ల దాకా ప్రయాణించాలి. కొండ మీద ఒక పూట నడిస్తే చాలు. దట్టమైన అడవి, పొదలు, గడ్డి, నాచు, ఉత్త రాయి, మంచు అన్నీ ఒకే వాలు మీద మెట్లు మెట్లుగా కనిపిస్తాయి.

ఈ మెట్లను మొదటిసారి శాస్త్రీయంగా బొమ్మ గీసి చూపించినవాడు అలెగ్జాండర్ ఫాన్ హంబోల్ట్. 1802లో ఆయన, వృక్షశాస్త్రవేత్త ఏమే బాన్‌ప్లాన్ కలిసి ఇప్పటి ఈక్వడార్‌లోని చింబొరాజో పర్వతం ఎక్కారు. ఏ ఎత్తులో ఏ మొక్క ఉందో చూపే పెద్ద చిత్రపటం 1807లో అచ్చయింది. రెండు శతాబ్దాల తర్వాత, 2012లో, మరో బృందం అదే కొండ ఎక్కి మొక్కలు సగటున 500 మీటర్లకు పైగా పైకి జరిగాయని చెప్పింది. అక్కడితో కథ ముగియలేదు. హంబోల్ట్ రాతలను, ఎండిన మొక్కల నమూనాలను ఇంకో బృందం తిరగేసి, ఆ ఎత్తైన మొక్కల వివరాల్లో చాలావరకు చింబొరాజోవి కావని, ఈక్వడార్‌లోనే ఉన్న అంతిసానా అనే మరో పర్వతం మీద సేకరించినవని 2019లో తేల్చింది. అంతిసానా మీద మళ్లీ కొలిస్తే జరుగుబాటు 215 నుంచి 266 మీటర్ల మధ్య తేలింది. మొక్కలు పైకి వెళ్లిన మాట నిజమే, ఎంత అన్నది మాత్రం సగానికి పడింది. పాత కొలత ఎక్కడ, ఎప్పుడు, ఎలా తీశారో రాసి ఉంటేనే అది పనికొస్తుందని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఎత్తుకు వెళ్లేకొద్దీ సూర్యుడికి దగ్గరవుతాం కదా, మరి చలి ఎందుకు?

సూర్యుడు పదిహేను కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. ఎనిమిది కిలోమీటర్లు ఎక్కినా ఆ దూరంలో తేడా లేనట్టే. గాలి ఎక్కువగా వేడెక్కేది కింద, నేల నుంచి. ఆ గాలి పైకి లేచినప్పుడు అక్కడ పీడనం తక్కువ కాబట్టి వ్యాకోచిస్తుంది, వ్యాకోచించినప్పుడు చల్లబడుతుంది. పైన గాలి పలచన కావడంతో ఎండ మాత్రం చురుక్కుమంటుంది. నీడలో గడ్డకట్టే చలి, ఎండలో చర్మం కమిలే వేడి పక్కపక్కనే ఉంటాయి.

కొండకు ఒకవైపు కుండపోత, మరోవైపు ఎడారి. ఎందుకిలా?

తేమగాలి కొండను ఢీకొని పైకి లేస్తుంది, చల్లబడుతుంది, మోయలేని తేమను అక్కడే కురిపిస్తుంది. శిఖరం దాటి అవతలికి దిగేసరికి ఆ గాలిలో తేమ మిగలదు, పైగా దిగేకొద్దీ వేడెక్కుతుంది. అవతలి వైపును వర్షచ్ఛాయ అంటాం. బంగాళాఖాతం గాలులకు ఎదురు నిలిచిన మేఘాలయ కొండల మీద మౌసిన్‌రామ్‌లో ఏడాదికి సగటున 11,800 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. హిమాలయాల వెనక ఉన్న లేహ్‌లో పడేది 100 మిల్లీమీటర్ల దరిదాపు. రెండూ ఒకే రుతుపవనాల కాలంలో ఉన్న చోట్లే.

ఎత్తైన చోట ఎంత వాన, ఎంత మంచు పడుతుందో ఎలా కొలుస్తారు?

నిజాయితీగా చెప్పాలంటే, కష్టపడి, అరకొరగా కొలుస్తారు. ఈ రంగంలో అతి పెద్ద లోటు ఇదేనని నా అభిప్రాయం.

మొదటి ఇబ్బంది, వర్షమాపకాలు ఎక్కువగా లోయల్లో, ఊళ్ల దగ్గర ఉంటాయి. శిఖరాల దగ్గర వాటిని పెట్టడమూ కష్టమే, ఏడాది పొడుగునా చూసుకోవడమూ కష్టమే. రెండోది, మంచు నిటారుగా పడదు. గాలికి కొట్టుకుపోతూ మాపకం నోటి మీదుగా పక్కకు జారిపోతుంది. గాలి బలంగా ఉన్నప్పుడు పడిన మంచులో సగం కూడా లెక్కలోకి రాకపోవచ్చు. సింధు నది ఎగువ ప్రాంతంలో పరిశోధకులు తిరగేసి లెక్కకట్టారు. అక్కడి హిమానీనదాలు, అంటే వాలు మీద నిదానంగా జారే శాశ్వత మంచు రాశులు, ఇప్పుడున్నట్టు నిలబడాలంటే ఎంత మంచు పడుతూ ఉండాలి అని చూస్తే, లోయల్లోని మాపకాలు చెప్పేదానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ కావలసి వచ్చింది. అంటే పైన పడేదాన్ని మనం చాలా తక్కువగా అంచనా వేస్తూ వచ్చాం.

మూడో ఇబ్బంది, మంచు లోతు తెలిసినంత మాత్రాన నీరు ఎంతో తెలియదు. అప్పుడే పడిన పొడి మంచు పది సెంటీమీటర్లు కరిగితే సుమారు ఒక సెంటీమీటరు నీరు వస్తుంది. వసంతానికి గట్టిపడిన మంచు అదే లోతులో మూడు నాలుగు సెంటీమీటర్లు ఇస్తుంది. అందుకే గొట్టాన్ని మంచులో నేల తగిలేదాకా దింపి, లోపలికి వచ్చిన మంచుతో సహా తూస్తారు. ఈ పద్ధతిని ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో మౌంట్ రోజ్ మీద రూపొందించిన జేమ్స్ చర్చ్ విశ్వవిద్యాలయంలో బోధించింది ప్రాచీన భాషలు, సాహిత్యం. శీతాకాలంలో శిఖరం ఎక్కడం మీద ప్రేమే ఆయన్ని మంచు తూచే శాస్త్రానికి ఆద్యుణ్ని చేసింది. ఇప్పుడు నేల మీద పరిచిన తిత్తులు పైన పేరుకున్న మంచు బరువును వాటంతట అవే నమోదు చేసి రేడియోలో పంపుతున్నాయి. అయినా గొట్టం, తక్కెడ మూలన పడలేదు.

మంచు కొండల్లో పుట్టిన నదుల్లో ప్రవహించేదంతా హిమానీనదాల నీరేనా?

కాదు. ఈ అపోహ చాలా గట్టిది. ఒక్కో నదిది ఒక్కో లెక్క. గంగలో ఏడాది మొత్తం పారే నీటిలో సింహభాగం రుతుపవనాల వాన, ఆ వానను దాచుకున్న భూగర్భజలం. సింధు అలా కాదు. దాని ఎగువ ప్రాంతం పొడినేల, కాబట్టి మంచు, హిమానీనదాలు కరిగిన నీటి మీద ఎక్కువగా ఆధారపడుతుంది. దిగువ ప్రాంతాలకు నీరందించే 78 పర్వత ప్రాంతాలను 2020లో పోల్చి చూసినప్పుడు, దిగువన ఉన్నవాళ్లకు అత్యంత ముఖ్యమైనదిగా సింధు పరీవాహకం తేలింది, ప్రమాదం అంచున ఉన్నవాటిలోనూ అది ముందుంది. ఆ 78 చోట్ల, వాటికి నేరుగా దిగువన కలిపి సుమారు 190 కోట్ల మంది బతుకుతున్నారని ఆ అధ్యయనం లెక్క.

ఎంత నీరు అన్నదాని కన్నా ఎప్పుడు అన్నది ముఖ్యం. వాన పడని నెలల్లో, ఎండ మండే రోజుల్లో హిమానీనదం ఎక్కువ కరుగుతుంది. అవసరం ఎక్కువగా ఉన్నప్పుడే ఇచ్చే నీరు అది. ఏడాది లెక్కలో అయిదు శాతం అనిపించేది, ఎండాకాలం ఆఖరి వారాల్లో ఎగువ లోయలకు దాదాపు ఏకైక ఆధారం కావచ్చు.

ఇంకో మెలిక ఉంది. వేడి పెరిగితే మొదట నదిలో నీరు పెరుగుతుంది, ఎందుకంటే కూడబెట్టిన మంచు ఖర్చవుతోంది. కొన్నేళ్లకు ఆ పెరుగుదల శిఖరానికి చేరి, ఆ తర్వాత హిమానీనదమే చిన్నదైపోయి నీరు తగ్గుతూ పోతుంది. 2018లో 56 పెద్ద నదీ పరీవాహకాలను పరిశీలిస్తే, వాటిలో సగానికి దగ్గరగా ఆ శిఖరాన్ని అప్పటికే దాటేశాయి. కాబట్టి నదిలో నీరు పెరిగిందని సంబరపడే ముందు అది వానదా, మూలధనం కరిగినదా అని అడగాలి.

కొండ ఊటల్లో నీరు ఎక్కడినుంచి వస్తుంది? పక్కనే ఉన్న వాలు మీద పడిన వానేనా?

చాలాసార్లు కాదు. ఊట ఒక లోయలో పుడితే, దానికి నీళ్లందించే నేల శిఖరానికి అవతలి లోయలో ఉండవచ్చు. రాతి పొరలు ఎటు వాలి ఉన్నాయి, పగుళ్లు ఎటు పారుతున్నాయి అన్నదే నీటి దారిని నిర్ణయిస్తుంది. నేల పైన కనిపించే వాలుకు, లోపలి పొరల వాలుకు పొంతన ఉండాలని లేదు. ఊట ఎండిపోతే దాని పక్కనే గుంతలు తవ్వడం వృథా ప్రయాస అయ్యేది ఇందుకే. ముందు భూవిజ్ఞాని పొరల వాలు కొలవాలి, ఆ తర్వాత ఇంకుడు గుంత ఎక్కడో నిర్ణయించాలి.

దీన్ని సరిచూడటానికి నీళ్లలోనే ఒక గుర్తు దాగి ఉంది. నీటి అణువుల్లో కొన్ని కాస్త బరువైనవి ఉంటాయి, ఆక్సిజన్-18 అనే బరువైన ఆక్సిజన్ ఉన్నవి, డ్యూటీరియం అనే బరువైన హైడ్రోజన్ ఉన్నవి. మేఘం కొండ ఎక్కేటప్పుడు బరువైన అణువులు ముందే కురిసిపోతాయి. ప్రతి 100 మీటర్ల ఎత్తుకు ఆక్సిజన్-18 వాటా వెయ్యింటికి 0.2 నుంచి 0.3 వంతు తగ్గుతుంది. ఊట నీటిలో ఆ వాటా కొలిచి, వేర్వేరు ఎత్తుల్లో పట్టిన వాన నీటితో పోలిస్తే, ఊటలో నీరు ఏ ఎత్తులో నేలలోకి ఇంకిందో తెలిసిపోతుంది. దాని వయసు తెలియాలంటే ట్రిటియం అనే రేడియోధార్మిక హైడ్రోజన్ ఉంది. దాని అర్ధాయువు, అంటే సగం తరిగిపోవడానికి పట్టే కాలం, 12.3 ఏళ్లు. అణుపరీక్షల వల్ల 1963 ప్రాంతంలో వాన నీటిలో ట్రిటియం విపరీతంగా పెరిగింది. ఆ తర్వాత దశాబ్దాల పాటు ఆ పెరుగుదలను గుర్తుగా పట్టుకుని, ఫలానా నీరు పరీక్షలకు ముందు ఇంకినదా, తర్వాతదా అని శాస్త్రవేత్తలు చెప్పగలిగారు.

హిమానీనదం తరిగిపోతోందని ఎలా చెబుతారు? ఫొటోలు చూసేనా?

ఫొటోలు మంచి సాక్ష్యమే, కానీ అవి అంచు ఎంత వెనక్కి తగ్గిందో చెబుతాయి, మందం ఎంత పోయిందో చెప్పవు. అసలు పద్ధతి బ్యాంకు ఖాతా లాంటిది. పై భాగంలో శీతాకాలం ఎంత మంచు జమ అయిందో గుంత తవ్వి సాంద్రతతో సహా కొలుస్తారు. కింది భాగంలో రంధ్రాలు వేసి కర్రలు దింపుతారు. వేసవి చివరికి ఆ కర్ర ఎంత బయటపడిందో అంత మంచు కరిగినట్టు. జమ లోంచి ఖర్చు తీసేస్తే ఆ ఏడాది నిల్వ తేలుతుంది. స్వీడన్‌లోని స్టోర్‌గ్లాసియారెన్ మీద ఈ లెక్క 1940ల నడిమి నుంచి ఆగకుండా సాగుతోంది. ప్రపంచంలో ఇంత పొడుగైన వరుస మరొకటి లేదు. హిమాచల్ ప్రదేశ్‌లోని ఛోటా శిగ్రి మీద 2002 నుంచి కొలుస్తున్నారు. వాటికి తోడు ఉపగ్రహాలు ఎత్తులో తేడాను చూస్తాయి, 2002లో మొదలైన గ్రేస్ ఉపగ్రహాలు భూమి గురుత్వాకర్షణలో వచ్చే సూక్ష్మమైన మార్పుతో మంచు బరువునే పసిగట్టాయి.

అన్ని హిమానీనదాలూ ఒకేలా ప్రవర్తించవు. కారకోరంలో చాలా వాటిలో మార్పు దశాబ్దాల పాటు నామమాత్రమే, కొన్ని ముందుకు కూడా కదిలాయి. మంచు మీద రాళ్లూ మట్టీ పేరుకుంటే ఇంకో చిత్రం. పలచటి పొర అయితే వేడిని పీల్చి కరగడాన్ని పెంచుతుంది, కొన్ని సెంటీమీటర్లు దాటితే దుప్పటిలా కప్పి కాపాడుతుంది. ఇలాంటి మినహాయింపులు చూపించి మొత్తం కథే తప్పనడం సరికాదు. కాట్మండులోని ఇసిమోడ్ అనే పర్వత పరిశోధన సంస్థ 2023లో ఇచ్చిన అంచనా ప్రకారం హిందూకుష్ హిమాలయాల్లో 2011–2020 మధ్య మంచు కోల్పోయే వేగం అంతకుముందు దశాబ్దం కన్నా 65 శాతం ఎక్కువ.

2035 నాటికి హిమాలయాల్లో మంచంతా మాయమవుతుందని విన్నాం. నిజమా?

కాదు. అది వాతావరణ మార్పును అంచనా వేసే ఐక్యరాజ్యసమితి సంస్థ ఐపీసీసీ 2007లో ఇచ్చిన నివేదికలో దొర్లిన తప్పు. సరైన పరిశోధన ఆధారం లేని ఒక వాక్యం వడపోతలన్నీ దాటి లోపలికి వచ్చేసింది. హిమానీనద శాస్త్రవేత్తలే దాన్ని ఎత్తిచూపారు, 2010 జనవరిలో సంస్థ తప్పు ఒప్పుకుంది. వందల మీటర్ల మందం ఉన్న మంచు పాతికేళ్లలో కరగడం భౌతికంగా సాధ్యం కాదని లెక్క తెలిసినవాళ్లకు వెంటనే అర్థమవుతుంది.

అయితే అసలు అంచనాలు చల్లగా కూర్చోబెట్టేవి కావు. భూతాపం 1.5 డిగ్రీల దగ్గర ఆగినా ఈ శతాబ్దం చివరికి ప్రపంచంలోని రెండు లక్షల పైచిలుకు హిమానీనదాల్లో సంఖ్యలో సగం దాకా పోతాయని 2023లో వచ్చిన అధ్యయనం చెప్పింది. పోయేవాటిలో ఎక్కువ చిన్నవి కాబట్టి మంచు రాశిలో నష్టం నాలుగో వంతు. చిన్నవైనా, కింద వాటినే నమ్ముకున్న లోయకు అవే మొత్తం.

ఎవరెస్టు శిఖరం మీద సముద్రజీవుల శిలాజాలు దొరుకుతాయంటారు. ఎలా?

అక్కడి రాయి సముద్రం అడుగున పుట్టింది కాబట్టి. శిఖరాగ్రం సున్నపురాయి, వయసు సుమారు 45 కోట్ల ఏళ్లు. ట్రైలోబైట్లు, క్రైనాయిడ్లు అనే సముద్రజీవుల ముక్కలు అందులో ఉన్నాయి. భారతదేశాన్ని మోస్తున్న భూఫలకం (భూమి పైపొరలోని కదిలే పెద్ద ముక్క) ఉత్తరానికి జరుగుతూ సుమారు 5 కోట్ల ఏళ్ల కింద ఆసియాను ఢీకొంది. నడుమ ఉన్న సముద్రం మూసుకుపోయి, దాని అడుగు మడతలు పడి పైకి లేచింది. ఆ తోపు ఇంకా ఆగలేదు. రెండు ఫలకాల మధ్య దగ్గరయ్యే దూరంలో ఏడాదికి సుమారు రెండు సెంటీమీటర్లు హిమాలయాలే మింగుతున్నాయి. అది భూకంపంగా తిరిగి వస్తుంది. 2015 ఏప్రిల్ 25న నేపాల్‌లో వచ్చిన 7.8 తీవ్రత భూకంపం అలాంటిదే.

పర్వతానికి వేర్లు ఉంటాయంటారు. అది పోలికా, నిజమా?

నిజమే. ఆ విషయం తెలిసిన తీరు నాకు ఎప్పుడు తలుచుకున్నా ఉత్సాహం ఇస్తుంది.

పందొమ్మిదో శతాబ్దంలో భారతదేశాన్ని త్రిభుజాలుగా కొలుస్తున్నప్పుడు కలియానా, కలియాన్‌పుర్ అనే రెండు చోట్ల మధ్య దూరం రెండు పద్ధతుల్లో తేలింది. నేల మీద గొలుసుతో, కోణాలతో కొలిస్తే ఒకటి, నక్షత్రాలను చూసి లెక్కకడితే ఇంకొకటి. తేడా కోణంలో 5.236 సెకన్లు, నేల మీద సుమారు 160 మీటర్లు. కలకత్తాలో ఉన్న జాన్ ప్రాట్ అనే మతాచార్యుడు, గణితంలో దిట్ట, దీనికి కారణం హిమాలయాలే అన్నాడు. కొండల బరువు లంబసూత్రాన్ని, అంటే నిలువు చూడటానికి వేలాడదీసే బరువు కట్టిన దారాన్ని, తనవైపు లాగుతుంది, దానితో నిలువు గీతే పక్కకు ఒరుగుతుంది. అయితే ఆయన కొండల బరువు లెక్కకట్టి చూస్తే ఒరగవలసింది 15.885 సెకన్లు. నిజంగా ఒరిగింది అందులో మూడో వంతే. కంటికి కనిపిస్తున్నంత బరువు హిమాలయాలకు లేనట్టు తేలింది!

1855లో బ్రిటన్ రాజఖగోళశాస్త్రజ్ఞుడు జార్జ్ ఎయిరీ జవాబు చెప్పాడు. నీటిలో తేలే దుంగ పైకి ఎంత ఎత్తుగా కనిపిస్తే లోపల అంత లోతుగా మునిగి ఉంటుంది. పర్వతం కింద తేలికైన భూపటలం (భూమి పైపొర) లోతుగా దిగి, దాని కింద ఉండే బరువైన భూప్రావారాన్ని పక్కకు నెట్టింది. ఆ లోటే పైనున్న బరువును సరిపెడుతోంది. తర్వాత భూకంప తరంగాలు దీన్ని రూఢిచేశాయి. ఖండాల కింద భూపటలం మందం సాధారణంగా 35 నుంచి 40 కిలోమీటర్లు, టిబెట్ కింద 70 కిలోమీటర్ల దాకా.

దీనివల్ల ఇంకో సంగతి అర్థమవుతుంది. పర్వతం పైనుంచి కిలోమీటరు మందం రాయి అరిగిపోతే ఎత్తు కిలోమీటరు తగ్గదు. బరువు తగ్గడంతో అడుగు భాగం పైకి తేలి దాదాపు 800 మీటర్లు తిరిగి పూడుస్తుంది. అందుకే పాత పర్వతాలు అంత తొందరగా చదునైపోవు. ఒకప్పుడు లోతున ఉడికిన రాళ్లు ఈ రోజు మన కాళ్ల కింద ఉండటానికీ ఇదే కారణం.

కొండ ఎంత వేగంగా అరుగుతోందో ఎలా తెలుస్తుంది?

వాగులోని గుప్పెడు ఇసుకతో. అంతరిక్షం నుంచి వచ్చే కిరణాలు నేలపై మీటరు లోపు రాతిని తాకినప్పుడు పలుగురాయిలో బెరీలియం-10 అనే అరుదైన పరమాణువులు పుడతాయి. రాయి నిదానంగా అరిగితే పైన ఎక్కువకాలం ఉంటుంది, ఎక్కువ పోగవుతాయి. వేగంగా అరిగితే తక్కువ. వాగు తన పరీవాహకమంతటి నుంచీ ఇసుకను కలిపి తెస్తుంది కాబట్టి ఆ గుప్పెడులోనే మొత్తం లోయ సగటు ఉంటుంది, అదీ వందల, వేల ఏళ్ల సగటు. ఒక తుఫాను ఏడాది చూసి కొండ కరిగిపోతోందనే పొరపాటు ఇందులో జరగదు.

పర్వతాలు పెరగడం వల్ల వాతావరణం మారిందా, వాతావరణం మారడం వల్ల కోత పెరిగి శిఖరాలు లేచాయా అన్న వాదం 1990ల ఆరంభం నుంచి నడుస్తోంది. హిమాలయాల రాళ్లు రసాయనికంగా శిథిలమై గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకోవడంతో భూమి చల్లబడిందని ఒక పక్షం. చల్లబడి హిమానీనదాలు లోయలను తొలిచేయడం వల్ల శిఖరాలు తేలాయని మరో పక్షం. రెండు దిశలా కొంత నిజం ఉందని నేను నమ్ముతాను.

కొండచరియలు, హిమసరస్సులు తెగడం ముందే చెప్పగలరా?

ఎక్కడ అన్నది కొంతవరకు చెప్పగలరు. ఎప్పుడు అన్నది అరుదుగా.

స్విట్జర్లాండ్‌లోని బ్లాటెన్ గ్రామం మీద 2025 మే 28న బిర్చ్ హిమానీనదం కూలిపడింది. ఊరు దాదాపు మొత్తం పూడిపోయింది. అయితే కొండ కదలికను కొలుస్తూ ఉండటంతో తొమ్మిది రోజుల ముందే 300 మందిని ఖాళీ చేయించారు. పరికరాలు, వాటి మాట విని కదిలిన అధికారులు, మాట విన్న జనం, ముగ్గురూ ఉంటేనే ఇది సాధ్యం.

ఉత్తరాఖండ్‌లోని చమోలీలో 2021 ఫిబ్రవరి 7న అలా జరగలేదు. రొంటి శిఖరం పక్కనుంచి సుమారు 2.7 కోట్ల ఘనమీటర్ల రాయి, మంచు విడివడి 1,800 మీటర్లు పడ్డాయి. రాపిడి వేడికి మంచు కరిగి బురద ప్రవాహమైంది, రెండు జలవిద్యుత్ ప్రాజెక్టులను ఊడ్చుకుపోయింది. మరణించినవాళ్లు, ఆచూకీ దొరకనివాళ్లు కలిపి 200 మందికి పైనే. మొదట అందరూ సరస్సు తెగిందనుకున్నారు. ఉపగ్రహ చిత్రాలు చూశాకే రాయే విరిగిందని తేలింది.

సిక్కింలోని దక్షిణ ల్హోనక్ సరస్సు సంగతి వేరు. అది ప్రమాదకరంగా పెరుగుతోందని ఎన్నో అధ్యయనాలు ముందే చెప్పాయి. 2023 అక్టోబరు మొదటి వారంలో ఒక రాత్రి ఒడ్డున గడ్డకట్టి ఉన్న మట్టిదిబ్బ సరస్సులోకి జారింది. లేచిన అల కట్టను తెంచింది. తీస్తా మీది చుంగ్‌థాంగ్ ఆనకట్ట కొట్టుకుపోయింది. తెలిసిన ప్రమాదమే అయినా ఆ రాత్రి ఎవరినీ ముందే లేపలేకపోయారు. నన్ను అన్నిటికన్నా కలతపెట్టేది ఇదే. నీటిమట్టం దించడం సాధ్యమే. నేపాల్‌లో సో రోల్పా సరస్సును 2000లో మూడు మీటర్లు దించారు, ఇమ్జా సరస్సును 2016లో దించారు. ఖర్చు, శ్రమ ఎక్కువే, కానీ దారి ఉంది.

చెట్లు ఒక ఎత్తు దాటి ఎందుకు పెరగవు?

ఆహారం చాలక కాదు. చలిలోనూ ఆకులు ఆహారం తయారుచేస్తాయి. అయితే 5 డిగ్రీల కింద కొత్త కణాలు పుట్టడం దాదాపు ఆగిపోతుంది. తయారైన చక్కెరతో కట్టేందుకు మేస్త్రీలు ఉండరన్నమాట. ప్రపంచంలో ఎక్కడ చూసినా చెట్ల హద్దు దగ్గర పెరిగే కాలపు సగటు ఉష్ణోగ్రత 6 నుంచి 7 డిగ్రీల మధ్య ఉంటుంది. చెట్టు తల గాలిలో ఉంటుంది కాబట్టి గాలి చలే దాని చలి. నేలకు అతుక్కుని పెరిగే గడ్డి, పొదలు ఎండకు వేడెక్కిన నేల వెచ్చదనంలో బతుకుతాయి. అందుకే చెట్లు ఆగినచోట అవి ఆగవు.

వేడెక్కితే మొక్కలు, జంతువులు పైకి జరుగుతాయి కదా. సమస్య ఏమిటి?

పైకి జరగడానికి పైన చోటు ఉండాలి. పెరూలోని ఒక పర్వతశ్రేణిపై 1985లో లెక్కించిన పక్షులను 2017లో మళ్లీ లెక్కిస్తే, శిఖరం దగ్గర మాత్రమే ఉండే కొన్ని జాతులు కనిపించకుండా పోయాయి. అక్కడినుంచి ఇక ఎక్కడానికి కొండ లేదు.

అయితే కొండలన్నీ గోపురంలా పైకి సన్నబడతాయని అనుకోకూడదు. 182 పర్వతశ్రేణులను కొలిచి చూస్తే అలాంటి ఆకారం మూడో వంతుకే ఉంది. మిగతావాటిలో మధ్యలోనో పైనో పీఠభూములు వచ్చి చోటు పెరుగుతుంది కూడా. ఏ జాతికి ముప్పు ఎంత అన్నది ఆ కొండ ఆకారాన్ని బట్టి లెక్కకట్టాలి.

యూరప్‌లో 302 శిఖరాల మీద 145 ఏళ్ల పాటు తీసిన మొక్కల జాబితాలు పోలిస్తే, 2007–2016 మధ్య కొత్త జాతులు చేరిన వేగం 1957–1966 నాటికి అయిదు రెట్లు. జాతులు పెరగడం మంచిదే కదా అని అడుగుతారు. వచ్చేవి కింది నుంచి ఎక్కిన బలమైన పోటీదారులు. చలికి అలవాటుపడి నిదానంగా పెరిగే పాత కాపురస్తులు వెంటనే చావవు, ఏళ్ల తరబడి నీడలో కుంగి పోతాయి. ఈ రోజు జాబితాలో కనిపించే పేరు రేపటికి భరోసా కాదు.

ప్రాణుల ఓపికను తక్కువ అంచనా వేయకూడదన్నదీ నిజమే. చిలీ, అర్జెంటీనా సరిహద్దులోని యుయాయాకో అగ్నిపర్వతం మీద 6,739 మీటర్ల ఎత్తులో 2020లో ఒక ఎలుకను పట్టుకున్నారు. ఆకుపచ్చ కనిపించని ఆ చోట అది ఏం తిని బతుకుతోందో అన్నది పరిశోధకులను వెంటాడిన ప్రశ్న.

అడవి నరికితే వాగులో నీరు పెరుగుతుందా, తగ్గుతుందా?

మొదట పెరుగుతుంది. ఈ జవాబు చాలామందికి నచ్చదు, అయినా కొలత అదే. అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ కొండల్లో హబ్బర్డ్ బ్రూక్ అనే పరిశోధక అడవి ఉంది. 1965 చలికాలంలో అక్కడ ఒక చిన్న పరీవాహకంలో చెట్లన్నీ నరికి, పక్కదాన్ని అలాగే ఉంచి పోల్చారు. మొదటి ఏడాదే వాగు ప్రవాహం సుమారు 40 శాతం పెరిగింది, ఎందుకంటే నీటిని తాగి ఆవిరి చేసే ఆకులు లేవు. కానీ నేల పోషకాలను పట్టి ఉంచలేకపోయింది, వాగులో నైట్రేట్ విపరీతంగా పెరిగింది. నిటారు వాలుల్లో వేర్లు కుళ్లాక కొన్నేళ్లకు మట్టి జారడం మొదలవుతుంది. ఇంకడం తగ్గి, వాన రోజు వరద, ఎండ రోజు ఎండు వాగు మిగలవచ్చు. ఇక మేఘాలు తగిలే అడవుల్లో లెక్క తిరగబడుతుంది. అక్కడ ఆకులు పొగమంచు నుంచి నీటిని దువ్వి నేలకు దింపుతాయి. చెట్టు పోతే ఆ నీరు పోయినట్టే.

స్థానికుల జ్ఞానానికి శాస్త్రంలో చోటుందా?

ఉంది. పెరూ, బొలీవియా కొండల్లోని రైతులు తరతరాలుగా జూన్ రాత్రుల్లో కృత్తికా నక్షత్రాలను చూసి, అవి మసకగా కనిపిస్తే ఆ ఏడు వానలు ఆలస్యమని బంగాళాదుంపలు నాటడం వెనక్కి జరుపుతారు. 2000లో శాస్త్రవేత్తలు దీన్ని పరీక్షించారు. పసిఫిక్ సముద్రం మామూలు కన్నా వేడెక్కే ఎల్ నినో ఏడాదుల్లో ఆ నెలలో ఎత్తైన పలచటి మేఘాలు పెరుగుతాయి, కంటికి కనపడనంత పలచన, కానీ నక్షత్రాలను మసకబార్చేంత. ఎల్ నినో వస్తే అక్కడ వానలు తగ్గుతాయి. రైతుల లెక్క సరిపోయింది.

నాకు పరికరాలు లేవు. నేనేమైనా చేయగలనా?

చేయగలరు. ఒక ఊటను ఎంచుకోండి. కొలత తెలిసిన బకెట్ నిండటానికి ఎన్ని సెకన్లు పడుతుందో చూడండి, లీటర్లను సెకన్లతో భాగించండి. మూడుసార్లు కొలిచి సగటు తీయండి. తేదీ, సమయం, ఆ ముందు రోజు వాన పడిందా లేదా రాయండి. నెలకు రెండుసార్లు, ఒకే చోట. లేదా ఒకే రాయి మీద నిలబడి, ఒకే దిక్కుకు, ఏటా ఒకే తేదీన కొండ ఫొటో తీయండి. ఆ రాయి ఎక్కడుందో ఇంకొకరు వెతుక్కోగలిగేలా రాసిపెట్టండి.

హవాయిలోని మౌనా లోవా మీద 3,397 మీటర్ల ఎత్తున చార్లెస్ కీలింగ్ 1958 మార్చిలో గాలిలో కార్బన్ డయాక్సైడు కొలవడం మొదలుపెట్టినప్పుడు విలువ పది లక్షల్లో 313 భాగాలు. 2013లో ఒక రోజు సగటు 400 దాటింది. 2022 నవంబరులో అగ్నిపర్వతం పేలి లావా దారిని, కరెంటు తీగలను తెంచేసినప్పుడు, పక్కనున్న మౌనా కీయా మీదికి పరికరాలు మార్చి కొలత కొనసాగించారు. మీ ఊట దగ్గర బకెట్ పగిలితే కొత్తది తెచ్చుకోండి, కానీ పాతదాని కొలత ఎంతో, కొత్తదాని కొలత ఎంతో పుస్తకంలో రాయడం మరవకండి.